సీటు కింది వేడి: పాత మారుతి వ్యాను ఇంజను సంరక్షణ, లోప నిర్ధారణ

గురుగ్రామ్‌లోని మారుతి ఉద్యోగ్ కర్మాగారం నుంచి 1984లో తొలిసారి బయటికి వచ్చి, 1988 నుంచి ఓమ్నీ అన్న పేరుతో అమ్ముడై, 2019లో తయారీ నిలిచిపోయిన చిన్న వాహనాన్ని తెలుగు జనం నేటికీ మారుతి వ్యాను అనే పిలుస్తారు. జపాన్‌కు చెందిన సుజుకి సంస్థ రూపొందించిన క్యారీ అనే వ్యాను దీనికి మాతృక. బడిపిల్లలను దింపే బండిగానూ, పల్లెల నుంచి రోగులను పట్నం ఆసుపత్రికి చేర్చే అంబులెన్సుగానూ, వంటవాళ్ళ గిన్నెలూ కూరగాయల బుట్టలూ మోసే సరుకుల బండిగానూ మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఈ వాహనాలలో ఇప్పుడు మిగిలి ఉన్నవన్నీ పాతబడినవే. వాటిలో కార్బ్యురేటరు అమర్చినవాటికి రెండు దశాబ్దాలకు పైబడిన వయసుంటుంది. వాటిలో కొన్నింటి ఇంజన్లు ఇంకా నమ్మకంగా నడుస్తుండగా, అదే ఏడాది తయారైన మరికొన్ని ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి. ఈ తేడాకు కారణం చాలావరకు ఒక్కచోటే దొరుకుతుంది: ఇంజనులో పుట్టే వేడిని యజమానీ మెకానిక్కూ ఎలా అదుపులో ఉంచారన్న దానిలో.

ఈ వ్యానులోనిది మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను. ఒక్కో సిలిండరు లోపలి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, అందులో పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం 72 మిల్లీమీటర్లు కాబట్టి, మూడింటిలోనూ కలిపి పిస్టన్లు ఊడ్చే ఘనపరిమాణం 796 ఘన సెంటీమీటర్లు. జనం దీన్ని ఎనిమిది వందల సీసీ ఇంజను అనడం అందువల్లే. జర్మనీకి చెందిన నికోలస్ ఒట్టో 1876లో నిర్మించి చూపిన నాలుగు దశల చక్రమే ఇందులోనూ నడుస్తుంది: పిస్టను కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకుంటుంది, పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది, స్పార్కు పడి మిశ్రమం మండినప్పుడు ఆ ఒత్తిడితో కిందికి తోయబడుతుంది, మళ్ళీ పైకి వస్తూ పొగను వెళ్ళగొడుతుంది. ఈ నాలుగు దశలూ పూర్తి కావడానికి క్రాంకుషాఫ్టు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరగాలి గనుక, మూడు సిలిండర్ల ఇంజనులో ప్రతి 240 డిగ్రీలకూ ఒక సిలిండరు మండుతుంది. ఒక సిలిండరు మండడం మానేస్తే ఆ విరామం ఒక్కసారిగా 480 డిగ్రీలకు పెరిగి, ఇంజను మొత్తం కుదుపుతో ఊగిపోతుంది. నాలుగు సిలిండర్ల కారులో కొంతకాలం గుర్తుపట్టకుండా తిరగగలిగే లోపం మారుతి వ్యానులో మొదటి నిమిషంలోనే తెలిసిపోవడానికి కారణం ఇదే.

ఈ ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. అక్కడి నుంచి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా శక్తి వెనుక చక్రాలకు చేరుతుంది. ముందు బానెట్ లేకపోవడం వల్ల తక్కువ పొడవులో ఎక్కువ స్థలం దొరికింది. అందుకు ప్రతిగా ఇంజను చుట్టూ గాలి ఆడే చోటు తగ్గిపోయింది. సీటు లేపి మూత తీస్తే తప్ప ఇంజను కనిపించదు కాబట్టి, ఆయిల్ కారడం, నీళ్ళు తగ్గడం, పెట్రోలు గొట్టం పగలడం వంటి చిన్న లోపాలు పెద్దవయ్యేదాకా యజమాని కంట పడవు. వారానికి ఒకసారి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, సీటు లేపి పగటి వెలుతురులో ఐదు నిమిషాలు చూడడం ఈ వాహనానికి ఏ ఖరీదైన సర్వీసింగు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

వేడి లెక్క

ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున నడిచే వ్యాను గంటలో నాలుగు లీటర్లు తాగుతుంది. అంటే ప్రతి సెకనుకూ దాదాపు 35 కిలోజౌళ్ళు, మరో మాటలో 35 కిలోవాట్లు ఖర్చవుతాయి. ఇందులో నాలుగో వంతు, మహా అయితే మరికాస్త మాత్రమే చక్రాలను తిప్పే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడే. అందులో పెద్ద భాగం సైలెన్సరు గుండా పొగతో బయటికి పోతుంది, ఇంచుమించు మూడో వంతు ఇంజను గోడల్లోకి చేరి కూలెంటు ద్వారా రేడియేటరుకు వెళ్తుంది. పది పన్నెండు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి కాలుతూ ఉంటే ఎంత వేడి పుడుతుందో అంత వేడిని, డ్రైవరు కూర్చున్న సీటు కింద నుంచి, ప్రయాణం సాగినంతసేపూ ఆగకుండా తోడిపోయవలసిన పని రేడియేటరుదన్నమాట. ఎండాకాలంలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటి గాలే 45 డిగ్రీలకు చేరినప్పుడు ఈ పని ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే రేడియేటరు వదిలే వేడి దానికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడి ఉంటుంది.

శీతలీకరణ వ్యవస్థలో ఐదు భాగాలున్నాయి: వేడిని మోసే ద్రవం, దాన్ని తిప్పే వాటర్ పంపు, దారిని తెరిచీ మూసీ నియంత్రించే థర్మోస్టాటు, వేడిని గాలికి వదిలే రేడియేటరూ దాని ఫ్యానూ, ఒత్తిడిని నిలిపే రేడియేటరు మూత. వీటిలో అందరూ చులకనగా చూసేది మూత. మామూలు వాతావరణ పీడనం వద్ద నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. మూతలోని స్ప్రింగు లోపలి పీడనాన్ని మరో 0.9 బార్ దాకా పెరగనివ్వడం వల్ల అదే నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూతలోని రబ్బరు వాషరు ఎండి పగిలిపోతే ఈ అదనపు 18 డిగ్రీల రక్షణ పోతుంది, నీరు సిలిండరు హెడ్డు చుట్టూ ఆవిరి బుడగలుగా మారుతుంది, బుడగ ఉన్నచోట లోహానికి ద్రవం తగలదు, తగలనిచోట లోహం కాలిపోతుంది. కొద్దిపాటి ఖర్చుతో మార్చగలిగిన మూతను పట్టించుకోక, రేడియేటరు మొత్తం విప్పించి కడిగించే యజమానులు చాలామంది ఉన్నారు. వేడిగా ఉన్న రేడియేటరు మూతను తెరవకూడదని చెప్పడానికీ ఇదే భౌతిక కారణం: మూత తీసిన క్షణంలో పీడనం పడిపోయి, 100 డిగ్రీలు దాటి ఉన్న నీరంతా ఒక్కసారి మరిగి, ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజను ఆపి, పైగొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడే వరకు ఆగడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

థర్మోస్టాటు అనేది మైనం నింపిన చిన్న కవాటం. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉండి నీటిని ఇంజనులోనే తిప్పుతుంది. 80 డిగ్రీలు దాటాక మైనం కరిగి, వ్యాకోచించి, రేడియేటరు దారి తెరుచుకుంటుంది. మన ఊళ్ళలో చాలామంది మెకానిక్కులు ఇది చలిదేశాలకే అవసరమన్న అభిప్రాయంతో దీన్ని పీకి పారేస్తారు. ఈ అలవాటు మంచిది కాదు. థర్మోస్టాటు లేని ఇంజను త్వరగా వేడెక్కదు. చల్లని గోడల మీద పెట్రోలు ఆవిరి మళ్ళీ ద్రవంగా మారి, సిలిండరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి, కింది ఆయిల్‌లో కలుస్తుంది. దగ్గర దగ్గర ప్రయాణాలు చేసే బడి వ్యానులలో ఇది రింగుల అరుగుదలను బాగా పెంచుతుంది. థర్మోస్టాటు మూసుకుపోయి ఇంజను హీటెక్కుతోందన్న అనుమానం ఉంటే, దాన్ని తీసి, గిన్నెడు నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి, నీరు మరిగేలోగా తెరుచుకుంటుందో లేదో చూడవచ్చు. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి.

ద్రవం సంగతి మరింత ముఖ్యమైనది. బోరు నీళ్ళలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలినచోట గట్టి పొలుసుగా పేరుకుంటాయి. ఈ పొలుసు లోహంలా వేడిని తేలికగా పోనివ్వదు. తాగునీటిలో ఫ్లోరైడుకూ లవణాలకూ పేరుపడిన నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే పోసిన రేడియేటర్ల సన్నని గొట్టాలు సగం పూడిపోయి కనిపించడంలో వింత లేదు. దీనికి తోడు, ఈ ఇంజను కింది దిమ్మె పోత ఇనుముతోనూ, పైనున్న హెడ్డు అల్యూమినియంతోనూ చేసినవి; రెండు వేర్వేరు లోహాల మధ్య లవణాల నీరు చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. కూలెంటు పేరుతో అమ్మే ఆకుపచ్చ లేదా ఎర్ర ద్రవంలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, అందులో కలిపిన ఇతర రసాయనాలు ఈ తినివేతను అడ్డుకుంటాయి. దాన్ని శుద్ధజలంతో, అంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరుతో, డబ్బా మీద చెప్పిన పాళ్ళలో కలిపి పోసి, రెండు మూడేళ్ళకోసారి పూర్తిగా మార్చాలి. రుచికి తియ్యగా ఉండే ఈ ద్రవం విషం. పిల్లలకూ పశువులకూ అందేచోట పారబోయకూడదు.

హీటెక్కిన ఇంజనును అలాగే నడిపితే జరిగేదేమిటో వ్యాకోచ గుణకాలు చెబుతాయి. 30 సెంటీమీటర్ల అల్యూమినియం ముక్క 80 డిగ్రీల వేడికి సుమారు 0.55 మిల్లీమీటర్లు సాగితే, అంతే పొడవున్న పోత ఇనుము అందులో సగమే సాగుతుంది. మామూలు స్థితిలో ఈ తేడాను మధ్యనున్న హెడ్ గ్యాస్కెట్ భరిస్తుంది. హద్దు దాటిన వేడిలో, బోల్టుల బిగింపుకు లోబడి సాగలేని హెడ్డు వంగుతుంది. ఈ ఇంజను హెడ్డు అడుగుభాగం 0.05 మిల్లీమీటర్లకు మించి వంకర ఉండరాదన్నది నియమం. మనిషి వెంట్రుక మందంలో అది ఓ భాగం మాత్రమే. అందుకే ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు కదలగానే బండి పక్కకు ఆపాలి. శ్రీశైలం ఘాటులో ఎక్కుడులో ముల్లు లేస్తే, "ఇంకో రెండు మలుపులేగా" అనుకుని ముందుకు సాగడం వల్ల ఒక గొట్టం ఖర్చుతో పోయేది హెడ్డు దింపేంత పనిగా మారుతుంది. వేడెక్కిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోయడమూ అంతే ప్రమాదం. లోహం ఒకచోట హఠాత్తుగా కుంచించుకుని పగులుతుంది.

ఆయిల్

వేడిని మోసే రెండో ద్రవం ఇంజను ఆయిల్. కూలెంటు చేరలేని పిస్టన్ల అడుగునూ, క్రాంకుషాఫ్టు బేరింగులనూ చల్లబరిచేది ఇదే. 20డబ్ల్యు-40 వంటి గుర్తులో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో, రెండో అంకె 100 డిగ్రీల వద్ద ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతాయి. మన వాతావరణంలో పాత కార్బ్యురేటరు ఇంజనుకు ఈ తరగతి సరిపోతుంది. అరిగి ఆయిల్ తాగుతున్న ఇంజనుకు 20డబ్ల్యు-50 వాడడం వల్ల కొంతకాలం ఊరట దొరుకుతుంది గానీ, అరుగుదల మాత్రం మానదు. సుమారు 5,000 కిలోమీటర్లకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు, ఆయిల్‌నూ ఫిల్టరునూ కలిపి మార్చాలి. తక్కువ తిరిగే బండికి కాలపరిమితి ఎందుకన్న ప్రశ్న సహజమే. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత ఆయిల్‌లోకి చేరుతుంది. దూరప్రయాణంలో అది మళ్ళీ ఆవిరై పోతుంది, ఇంటికీ బడికీ మధ్య తిరిగే బండిలో మాత్రం పోకుండా నిలిచి, ఆమ్లాలను పుట్టించి, మడ్డిని తయారుచేస్తుంది.

డిప్‌స్టిక్కు చూసేటప్పుడు బండి సమతలం మీద ఉండాలి, ఇంజను ఆపి కొన్ని నిమిషాలు గడవాలి. మట్టం రెండు గీతల మధ్య ఉంటే చాలు. పై గీత దాటించి పోస్తే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. ఆయిల్ నల్లబడడం లోపం కాదు, అది మసిని తనలో నిలుపుకుని తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. మజ్జిగ రంగులోకి మారితే మాత్రం నీరు కలిసిందని అర్థం, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. పెట్రోలు వాసన వేస్తూ మట్టం పెరిగితే, కామ్‌షాఫ్టు నడిపే పెట్రోలు పంపులోని రబ్బరు పొర చిరిగి, పెట్రోలు నేరుగా ఆయిల్‌లోకి కారుతూ ఉండవచ్చు. నడుస్తుండగా ఆయిల్ ఎర్రదీపం వెలిగితే, అది మట్టం గురించి కాక పీడనం గురించి చెబుతోంది. అప్పుడు ఇంజనును ఆపడానికి ఉన్న వ్యవధి సెకన్లలోనే.

గాలి, పెట్రోలు, స్పార్కు

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి ఎయిర్ ఫిల్టరు గుండా లోపలికి వెళ్తుంది. మట్టిరోడ్ల మీద ఆ గాలితో పాటు వచ్చే సన్నని ఇసుక రేణువు ఇనుము కన్నా గట్టిది. చిరిగిన ఫిల్టరుతో తిరిగిన ఇంజను రింగులు ఎంత త్వరగా అరుగుతాయో పల్లెల్లో బండ్లు నడిపేవారికి తెలుసు. పూడిపోయిన ఫిల్టరు మరోరకంగా చెరుపు చేస్తుంది: గాలి తగ్గి, మిశ్రమంలో పెట్రోలు పాలు పెరిగి, నల్లపొగ వస్తుంది.

గాలిలో పెట్రోలును కలిపే సాధనం కార్బ్యురేటరు. ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ వెంచూరి 1797లో వర్ణించిన సూత్రం దీనికి ఆధారం: సన్నని మెడ గుండా పోయే ప్రవాహం వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఆ తక్కువ పీడనం చిన్న రంధ్రాల గుండా, అంటే జెట్ల గుండా, పెట్రోలును పైకి లాగి గాలిలో తుంపరగా చల్లుతుంది. జెట్టు రంధ్రాన్ని మడ్డి సగం మూస్తే చాలు, ఇంజను స్లోలో నిలవదు, యాక్సిలరేటరు తొక్కితే తడబడుతుంది. జెట్లను పెట్రోలుతో కడిగి గాలితో ఊదాలి. తీగ పెట్టి గుచ్చితే ఇత్తడి రంధ్రం పెద్దదై, ఆ లోపం ఎన్నటికీ దొరకకుండా పోతుంది.

ఇక్కడ ఇంధనం మార్పును గురించి చెప్పక తప్పదు. దేశంలో పెట్రోలుతో కలిపే ఇథనాల్ పాలు 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లోనూ 20 శాతానికి చేరింది. ఇథనాల్ మండడానికి 9 పాళ్ళ గాలే చాలు కాబట్టి, 20 శాతం మిశ్రమానికి కావలసిన నిష్పత్తి సుమారు 13.5కు దిగుతుంది. 2000 తర్వాత వచ్చిన, కార్బ్యురేటరుకు బదులు ఇంజెక్టర్లున్న ఎంపీఎఫ్ఐ వ్యానులలో, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సరు ఉన్నచోట, కంప్యూటరు ఈ తేడాను కొంతవరకు సరిదిద్దుకోగలదు. స్థిరమైన జెట్లున్న కార్బ్యురేటరు సరిదిద్దుకోలేదు, మిశ్రమం పలచబడుతుంది, మంట వేడెక్కుతుంది, చలిలో స్టార్టింగు ఇబ్బంది పెడుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగులగొడుతుంది, ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది. ఇంజను సీటు కింద ఉన్న వాహనంలో పగిలిన పెట్రోలు గొట్టం నేరుగా అగ్నిప్రమాదానికి దారి. కాబట్టి ట్యాంకు నుంచి కార్బ్యురేటరు దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే కొత్తవాటితో మార్పించడం పాత వ్యాను యజమాని ఈ ఏడాదే చేయించవలసిన పని. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు నిండా పెట్రోలు నిల్వ ఉంచడం కూడా మంచిది కాదు.

స్పార్కు వ్యవస్థలో 12 వోల్టుల బ్యాటరీ విద్యుత్తును కాయిలు వేల వోల్టులకు పెంచితే, డిస్ట్రిబ్యూటరు దాన్ని 1-3-2 అనే క్రమంలో సిలిండర్లకు పంచుతుంది. పాత నమూనాలలో కాయిలుకు పోయే విద్యుత్తును పాయింట్లు తెంచుతాయి. వాటి పక్కనే ఉండే కండెన్సరు నిప్పురవ్వలను అణుస్తుంది. పాయింట్ల మధ్య సందు 0.4 నుంచి 0.5, ప్లగ్గు కొనల మధ్య సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. తీసిన ప్లగ్గు ఇంజను లోపలి స్థితిని చూపిస్తుంది: లేత గోధుమరంగు ఉంటే మంట సరిగ్గా ఉంది, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, తెల్లగా కాలి పొక్కులు లేచి ఉంటే మిశ్రమం పలచబడిందో టైమింగు ముందుకు జరిగిందో చూడాలి.

లోపాన్ని వెతికే పద్ధతి

నడిచే పెట్రోలు ఇంజనుకు కావలసినవి నాలుగే: సరైన పాళ్ళలో గాలీ పెట్రోలూ, సరైన క్షణంలో స్పార్కు, మిశ్రమాన్ని నొక్కిపట్టే కంప్రెషన్, ఇంజనును తొలి చుట్టు తిప్పే బ్యాటరీ బలం. ఏ లోపమైనా వీటిలో ఒకదాని లోటే. ఒకసారికి ఒక్కదాన్నే పరీక్షించి, ఒక్కదాన్నే మార్చి, ఫలితం చూశాకే తర్వాతిదానికి వెళ్ళాలి. ప్లగ్గులు, కాయిలు, పంపు, కార్బ్యురేటరు కిట్టు అన్నీ ఒకేసారి మార్పించినవారికి బండి నడిచినా కారణం తెలియదు, పైగా కొత్తగా వేసినవాటిలో ఒకటి చెడ్డదైతే లోపాలు రెండవుతాయి.

తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోక టక్ మని ఊరుకుంటే ముందు బ్యాటరీ టెర్మినళ్ళను చూడాలి. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు నూరు ఆంపియర్ల వరకు లాగుతుంది. టెర్మినలు మీద పేరుకున్న తెల్లని పొడి వల్ల అక్కడ 0.05 ఓమ్‌ల నిరోధం ఏర్పడినా, ఓమ్ నియమం ప్రకారం 5 వోల్టులు అక్కడే పోతాయి, మోటారుకు 7 వోల్టులే మిగులుతాయి. ఎన్నో మంచి బ్యాటరీలు ఈ పొడి వల్లే చెడిపోయాయన్న పేరు మోసి పాతసామాన్ల దుకాణానికి చేరాయి. వేడినీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, వాసెలిన్ పూస్తే చాలు. ఇంజను నుంచి బాడీకి వచ్చే ఎర్త్ తీగను కూడా ఇదే దృష్టితో చూడాలి. మల్టీమీటరుతో కొలిస్తే, విశ్రాంతిలో ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి; నడుస్తున్నా 12.5 దగ్గరే ఆగితే ఆల్టర్నేటరో దాని బెల్టో లోపం.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే, ఒక ప్లగ్గు తీసి, తీగ తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి, తిప్పి చూడాలి. చుట్టుపక్కల పెట్రోలు చిందకుండా ఉండడం తప్పనిసరి. నీలిరంగు స్పార్కు గట్టిగా పడితే విద్యుత్తు వైపు బాగానే ఉంది. అప్పుడు ఎయిర్ ఫిల్టరు మూత తీసి, ఇంజను ఆపి ఉండగా యాక్సిలరేటరు లాగితే, కార్బ్యురేటరు గొంతులో సన్నని పెట్రోలు ధార కనిపించాలి. ధార లేకపోతే పెట్రోలు రావడం లేదు. పంపు, ఫిల్టరు, గొట్టాలు వరసగా చూడాలి. పెట్రోలు ఘాటుగా వాసన వేస్తూ ప్లగ్గులు తడిసి ఉంటే అది ఫ్లడ్ అయింది. చోక్ లాగకుండా, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి తిప్పితే గాలి చేరి ఆరిపోతుంది.

పొద్దున చక్కగా స్టార్టయి, మధ్యాహ్నం కాసేపు ఆపాక మళ్ళీ అందుకోని వ్యాను వేసవిలో చాలామందిని విసిగిస్తుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. ఇంజను ఆగగానే గాలీ కూలెంటూ కదలడం మానేసి, పోగైన వేడి పంపుకూ గొట్టాలకూ పాకుతుంది. లోపలి పెట్రోలు ఆవిరి బుడగలవుతుంది, ద్రవాన్ని తోయడానికి చేసిన పంపు బుడగను నొక్కి వదలడం తప్ప ముందుకు పంపలేదు. వేపర్ లాక్ అనే ఈ స్థితికి డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పే చిట్కా శాస్త్రీయమైనదే, ఆరే నీరు తనతో వేడిని పట్టుకుపోతుంది. పంపు చల్లబడినా ఇంజను అందుకోకపోతే, వేడిలో మాత్రమే మొరాయించే కాయిలునో కండెన్సరునో అనుమానించి, అదే సమయంలో స్పార్కును పరీక్షించాలి. చల్లబడ్డాక పరీక్షిస్తే లోపం కనిపించదు.

ఒక సిలిండరు మండని స్థితిని మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. పాయింట్లున్న పాత వ్యానులో ఇంజను స్లోలో ఉండగా, రబ్బరు పిడి ఉన్న పకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఏ తీగ తీస్తే ఇంజను చప్పుడు మారదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. ఎంపీఎఫ్ఐ వ్యానులో ఈ పద్ధతి వాడరాదు. మండని పెట్రోలు సైలెన్సరులోని కెటాలిటిక్ కన్వర్టరుకు చేరి దాన్ని కాల్చేస్తుంది. అక్కడ చెక్ ఇంజను దీపం ఇచ్చే కోడును చదివించడమే సరైన దారి. లోపమున్న సిలిండరు తెలిశాక ప్లగ్గునూ తీగనూ పక్క సిలిండరువాటితో మార్చి చూడాలి. లోపం వాటితో పాటు పక్కకు వెళ్తే చవకలో పోయినట్టే, అక్కడే ఉండిపోతే కంప్రెషన్ కొలవాలి.

మూడు సిలిండర్ల కంప్రెషన్ మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో మించకూడదు. తగ్గినచోట ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే కారణం తేలిపోతుంది. ఆయిల్ రింగుల సందులను కాసేపు మూస్తుంది గనుక, కొలత పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో గ్యాస్కెటో లీకవుతోంది. ఇక్కడ ట్యాపెట్ల గురించి ఒక అపోహను సరిచేయాలి. వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉంచే సన్నని సందు వల్ల కొద్దిపాటి టకటక శబ్దం సహజం. శబ్దం వినపడకూడదని యజమాని పట్టుబడితే మెకానిక్కు సందును బిగించేస్తాడు, వేడికి వాల్వు కాడ సాగినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, 700 డిగ్రీలు దాటిన పొగ ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వు అంచును కాల్చేస్తుంది. కాస్త శబ్దం చేసే ట్యాపెట్టే ఆరోగ్యకరమైనది.

సైలెన్సరు పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్లపొగ పెట్రోలు ఎక్కువైనట్టు. చోక్, ఎయిర్ ఫిల్టరు, ఫ్లోటు చూడాలి. నీలిపొగ ఆయిల్ మండుతున్నట్టు. రాత్రంతా ఆగిన బండి స్టార్టయిన తొలి నిమిషమే వచ్చి పోతే వాల్వు సీళ్ళు, నడిచినంతసేపూ వస్తే రింగులు. చలికాలపు ఉదయం కాసేపు కనిపించే తెల్లని ఆవిరి మామూలే. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. కాలుష్య పరీక్షలో స్లోలో ఉన్న ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ హద్దు భారత్ స్టేజ్-2 ఉద్గార ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కార్లకు 3 శాతం, స్టేజ్-2, స్టేజ్-3 వాటికి 0.5 శాతం; సర్దిన కార్బ్యురేటరూ శుభ్రమైన ఫిల్టరూ ఉన్న పాత వ్యాను మొదటి హద్దులో సులభంగా ఇముడుతుంది.

ఈ వాయువు గురించి చివరిగా ఒక హెచ్చరిక అవసరం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు సీటు కిందే ఎగ్జాస్ట్ మానిఫోల్డు ఉన్న ఈ వ్యానులో దాని గ్యాస్కెట్ పగిలినా, సీటు కింది మూత రబ్బరు ఊడినా, పొగ నేరుగా లోపలికి వస్తుంది. ప్రయాణంలో తలనొప్పి, మగత, వికారం ఒకేసారి ఇద్దరు ముగ్గురికి అనిపిస్తే వెంటనే అద్దాలు దించి, బండి ఆపి, అందరూ కిందికి దిగాలి. ఎక్కుడులో ఇంజను కింద నుంచి వినిపించే ఫట్ ఫట్ శబ్దమూ, మానిఫోల్డు అంచున కనిపించే మసి గీతా ఈ లీకుకు ఆనవాళ్ళు. ఇలాంటిదే మరో ప్రమాదం: వ్యానును వంటగ్యాసు సిలిండరుతో నడిపే అక్రమ పద్ధతి ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. ఆమోదం పొందిన ఎల్పీజీ కిట్టూ ట్యాంకూ ఉన్న బండికీ దీనికీ పోలికే లేదు, గ్యాసు లీకైతే గాలి కన్నా బరువైన ఆ వాయువు నేల మీద, కాలే ఇంజను పక్కనే, పోగవుతుంది. బడిపిల్లలను ఎక్కించుకునే వ్యాను యజమానులు పెట్రోలు గొట్టాలనూ, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్‌నూ, సీటు కింది మూత రబ్బరునూ బడి తెరిచే జూన్ నెలకు ముందే తనిఖీ చేయించాలి. లోపం ఉన్నట్టు తేలితే, సరిచేసేదాకా ఆ వ్యానులో పిల్లలను ఎక్కించకూడదు.